నలభై నంబరు తీగ

శ్రావణ శుద్ధ పంచమి నాటి ఉదయం తొమ్మిది గంటలకు ధవళేశ్వరంలోని గోదావరి మత్స్యబీజ ప్రయోగశాలలో హాజరైనవారు, కూర్చున్న క్రమంలో, వీరు: మొదటి కుర్చీలో, పదవీ విరమణ అనంతరం కూడా గౌరవ హోదాలో కొలతల విభాగాన్ని నడుపుతున్న డాక్టర్ ఓలేటి సోమయాజులు గారు, ఆయన కుడివైపున, సూక్ష్మదర్శిని ముందు, డాక్టర్ పితాని వకుళ, తలుపు పక్కన ముక్కాలిపీట మీద మల్లాడి సత్తెయ్య, వయస్సు ఎనభై ఒకటి, వృత్తి చేపలవేట. నాలుగో స్థానం, సోమయాజులు గారి లెక్క ప్రకారం, గాజుపళ్లెం నడుమ నిద్రిస్తున్న ఒక గుడ్డుది. ఆవగింజకంటె చిన్నదైన ఆ గుడ్డు పులసది.

గోదావరికి పులస రావడం మానేసి అప్పటికి ఇరవై ఏడు సంవత్సరాలు. చివరిసారి వరద ఎర్రనీటికి ఎదురీదుతూ వచ్చిన ఒక జంట సత్తెయ్య వలలో పడింది. అతడు వాటిని ఇంటికీ తీసుకుపోలేదు, బజారుకూ తీసుకుపోలేదు. నీళ్ల బిందెలో పెట్టుకొని తిన్నగా ప్రయోగశాలకు పరుగెత్తుకొచ్చాడు. ఆ జంట సంతానాన్ని, గుడ్డులో గుండె కొట్టుకోవడం మొదలైన గడియలోనే, అప్పటి శాస్త్రజ్ఞులు గాజులా గడ్డకట్టించి, ద్రవ నత్రజనిలో, సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల దిగువన నిద్రపుచ్చారు. నిద్రపుచ్చడం వారికి చేతనయింది గాని, లేపడం చేతకాలేదు.

లేపే విధానాన్ని వకుళ కనిపెట్టింది. ప్రతి గుడ్డులోను కంటికి ఆనని బంగారు రేణువులను ఆనాడే చేర్చి ఉంచారు. వాటి మీద ఒక ప్రత్యేకమైన వెలుతురు పడితే గుడ్డు లోపలినుంచి వెచ్చబడుతుంది. ఆ వెలుతురునిచ్చే యంత్రానికి వకుళ 'ఉదయదీపం' అని పేరు పెట్టుకున్నది. రెప్పపాటులో గుడ్డును ఇరవై ఒక్క డిగ్రీలకు తేవాలి, అక్కడ నిలపాలి, ఆ పైన నెమ్మదిగా నదినీటి వెచ్చదనానికి చేర్చాలి. దీపం ఎప్పుడు తగ్గాలో దానికదే తెలుసుకోలేదు. గుడ్డుకు ఆనించిన రెండు తీగల కొస దానికి చెప్పాలి. ఒకటి రాగి తీగ, రెండవది రాగి-నికెల్ మిశ్రమపు తీగ. రెండూ అతికినచోట వేడి తగిలితే అణుమాత్రం విద్యుత్తు పుడుతుంది. అదే తెరమీద అంకెగా కనిపిస్తుంది. థర్మోకపుల్ అని పిలిచే ఈ జంట తీగ సోమయాజులు గారి స్వహస్త నిర్మితం.

"దీపం," అని ఆజ్ఞాపించారు ఆయన.

వకుళ మీట నొక్కింది. నత్రజని పొగమంచు నడుమ గాజుపళ్లెం ఒక్కసారి నారింజ రంగుకు తిరిగింది.

"ఇరవై ఒకటి. దశాంశం సున్నా," సోమయాజులు గారు తెరమీది అంకెను తీర్పు చదివినట్లు చదివారు.

ఆయన నోట ఆ మాట పూర్తి కాకముందే గుడ్డు తెల్లబడింది.

"పోయిందాండీ?" అన్నాడు సత్తెయ్య.

"పోయింది తాతా," వకుళ సూక్ష్మదర్శిని నుంచి తల ఎత్తలేదు.

"మా ఇంటిది పులుసెడితే అందులో జన కూడా, అదేనండి చేపగుడ్లు, అచ్చం ఇలాగే తెల్లబడేదండి. ఇది ఉడికిపోయిందండి బాబూ."

"నేను ఆరు నెలలుగా అదే అంటున్నాను సార్. ఇది చలికి పోయిన గుడ్డు కాదు. ఉడికిన గుడ్డు."

"ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర ఏ పదార్థమూ ఉడకదమ్మా. అంకె నీ కళ్లెదుటే ఉన్నది."

"అంకె తప్పేమో సార్."

ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగ జీవితంలో ఈ మాట ఆయన ముఖం మీద ఎవరూ అని ఉండలేదు. సోమయాజులు గారు లేచి, కోటు గుండీ పెట్టుకొని, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "నా అంకె తప్పదు. నీ ఉష్ణక్రమం తప్పింది. సోమవారం నాటి పాలకవర్గ సమావేశంలో ఆ మాటే నివేదిస్తాను."

నివేదిక వెళ్లిందంటే ఉదయదీపాన్ని మూలన పెట్టేస్తారు. రెండు వందల గుడ్లలో రెండేళ్ల కాలంలో నూట తొంభై నాలుగు ఇలాగే తెల్లబడిపోయాయి. నత్రజని సీసాలో ఇక మిగిలినవి ఆరు. భూమి మీద పులస అన్నది ఉన్నదంటే, ఆ ఆరే.

*

ఆ సాయంత్రం సోమయాజులు గారి భార్య విశాలాక్షి గారు తెగిన చెవి మాటీని పళ్లెంలో పెట్టుకొని కూర్చున్నారు. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆవగింజలంతేసి ముత్యాలు పళ్లెం నిండా దొర్లుతున్నాయి.

"అవతల పెట్టు. నేను గుచ్చుతాను," అన్నారు ఆయన. నూట తొంభై నాలుగో గుడ్డు పోయిన నాడు ఏదో ఒక పని సవ్యంగా జరగవలసిన అవసరం ఆయనకు ఉన్నది. కోటు జేబులోంచి మూరెడు రాగి తీగ తీశారు. "తీగ అంటే ఇది. నలభై మైక్రాన్లు. మనిషి వెంట్రుకలో సగం."

తీగను రెండు పేటలుగా మడిచి ముత్యానికి ఎక్కించబోయారు. ఎక్కలేదు. మరో ముత్యం తీసుకున్నారు. అదీ ఎక్కలేదు. కళ్లజోడు మార్చుకొని, దీపం దగ్గరకు లాక్కొని, ఏడు ముత్యాలతో ప్రయత్నించి, చివరికి ఇలా నిర్ణయించారు: "ఈ ముత్యాలకు బెజ్జాలు సరిగా పెట్టలేదు."

"మా అమ్మమ్మగారి నాటి నుంచి వాటికి అవే బెజ్జాలండి. మీ తీగకే ఒళ్లు వచ్చింది," అన్నారు విశాలాక్షి గారు. "రేపు బజారు వీధిలో అఖిలాండం దగ్గరకు తీసుకెళ్లండి. తీగ కూడా చూపించండి, సిగ్గుపడకుండా."

"నేను సిగ్గుపడడమేమిటి? ఆ ముత్యాల సంగతి ఆమే చెబుతుంది."

కొమ్మోజు అఖిలాండం, తండ్రి దగ్గర నగిషీ పని, తాత దగ్గర జరీ తీగ లాగే పని నేర్చుకున్న స్వర్ణకారిణి. వయస్సు యాభై దాటింది. మర్నాడు ఉదయం సోమయాజులు గారు వెళ్లేసరికి కుంపటి రాజేసుకుంటున్నది. ఆయన చెప్పినదంతా విని, ముత్యాల వైపు చూడకుండా, తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి దొర్లించింది.

"ఇది సన్న తీగని మీకెవరు సెప్పారండి?"

"నేనే చెప్పాను."

"అయితే సరేనండి," అని మళ్లీ కుంపటి ఊదుకోసాగింది.

సోమయాజులు గారు కదలలేదు. ఆ 'సరేనండి'లో ఉన్న మర్యాద ఆయనకు ముల్లులా గుచ్చుకున్నది. "నిర్మొగమాటంగా చెప్పమ్మా."

"సెప్తే ఏవీ అనుకోకూడదండి మరి." ఆమె తీగను చెంప మీద పరుచుకొని కళ్లు మూసుకున్నది. "మా తాతగారి పరీచ్చ ఇదండి. సెంపకి తెలిసిందంటే లావే. ఇది తెలుస్తంది. ఆయ్, బాగా తెలుస్తంది." ఆ వెంటనే పెట్టెలోంచి ఒక పలక తీసింది. ఒకదానికంటె ఒకటి చిన్నవిగా వరుసగా బెజ్జాలున్న ఆ పలకను కమ్మచ్చు అంటారు. కమ్మిని ఒక్కొక్క బెజ్జంలోంచి లాగుతూ పోతే సన్నబడుతుంది. ఆయన తీగ ఒక బెజ్జంలో దూరి, పక్కదాని దగ్గర ఆగిపోయింది. "చూడండి పంతులుగారండీ. మీ తీగ ఆగిపోయిన కాడినుంచి నా కమ్మచ్చులో ఇంకా తొమ్మిది బెజ్జాలున్నాయండి."

*

సోమయాజులు గారు ప్రయోగశాలకు చేరి, రెండేళ్లలో మొట్టమొదటిసారిగా ఆ తీగను సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిచారు. కొలతల గదిలోని వస్తువును మరొకరు కొలవడం ఆయన సహించరు. తాను కొలవవలసిన అవసరం ఆయనకు తోచలేదు, ఎందుకంటే చుట్ట మీద 'సన్న తీగ – 40' అన్న చీటీ ఉన్నది. ఆ చీటీ రాసినది ఆయనే.

నూట ఇరవై రెండు మైక్రాన్లు.

మళ్లీ కొలిచారు. నూట ఇరవై రెండు.

బీరువాలోంచి పాత ఫైలు తీశారు. తీగ కోసం వకుళ పెట్టిన అర్జీలో '50 నంబరు' అని ఉన్నది. దాన్ని ఎర్ర పెన్సిలుతో కొట్టివేసి, 'మరింత సన్నము కావలెను: 40' అని సవరించిన దస్తూరీ గుండ్రంగా, అందంగా, నిస్సంశయంగా ఆయనదే. అంకెలు మైక్రాన్లని ఆయన అనుకున్నారు. అవి మైక్రాన్లు కావు, బజారులో తీగకుండే నంబర్లు. ఆ వరుసలో నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. వకుళ అడిగిన యాభై నంబరు ఇరవై అయిదు మైక్రాన్ల తీగ. ఆయన తెప్పించినది దానికి దాదాపు అయిదు రెట్లు లావు. అడ్డంగా కోసి చూస్తే వైశాల్యం ఇరవై మూడు రెట్లు. ఆ వెడల్పాటి దారి వెంట పళ్లెం చుట్టూ ఉన్న పొగమంచు చలి నడుచుకుంటూ వచ్చి తీగ కొసను చల్లబరిచింది. కొస చెప్పిన ఇరవై ఒకటి కొసదే గాని గుడ్డుది కాదు. కాగుతున్న పాలలో ఇనుప గరిటె ముంచి, గరిటె కాడను పట్టుకొని పాలు ఇంకా కాగలేదని చెప్పినట్లయింది. ఆ మాట నమ్మి, దీపం ఇంకా ఇంకా వెలిగి, గుడ్లను ఉడకబెట్టింది.

నూట తొంభై నాలుగు. ఆయన ఆ అంకెను కాగితం మీద రాసి చాలాసేపు చూశారు. ఆ తరువాత వకుళను పిలిచారు.

"రిజిస్టరు తీసుకొని రా. నేను చెప్పినది చెప్పినట్లు రాయి. తీగ మందం విషయంలో జరిగిన తప్పుకు బాధ్యుడు ఓలేటి సోమయాజులు."

వకుళ ఫైలు చూసింది, తీగ చూసింది, ఆయన ముఖం చూసింది. కోపం రావలసిన చోట దానికి బదులు ఏడుపు వచ్చింది. ఏడవవలసిన చోట నవ్వు వచ్చింది. "అంటే సార్... నా ఉష్ణక్రమం..."

"దానికి ఏ దోషమూ లేదు. మొదటినుంచీ లేదు."

"'పొరపాటు' అని రాయనా సార్?"

"తప్పు అనే రాయి. పొరపాటంటే ఒక్కనాటిది."

పీట మీది సత్తెయ్య అంతా విని, "అయితే ఇంకేటండీ! సన్న తీగ తెప్పించండి," అన్నాడు.

"రావడానికి రెండు నెలలు పడుతుంది. సోమవారం సమావేశం," అన్నది వకుళ.

"గడువు అడగవచ్చు," అన్నారు సోమయాజులు గారు. "కాని, 'నా అంకె తప్పదు' అని రెండేళ్లుగా రాసి పంపినవాడు ఇప్పుడు 'తప్పింది, మరో రెండు నెలలు ఇవ్వండి' అంటే ఎవరు నమ్ముతారు? వారికి మాట కాదు చూపవలసినది. బతికిన గుడ్డు." ఆయన కోటు తొడుక్కొని, రెండు తీగల చుట్టలూ జేబులో వేసుకున్నారు. "తొమ్మిది బెజ్జాలున్నాయన్నది అఖిలాండం. పదండి."

*

ఆ శనివారం మిగిలినదంతా అఖిలాండం దుకాణంలో గడిచింది. ఆమె తీగను కుంపటి మీద కాల్చి మెత్తబరచి, మైనం పూసి, ఒక బెజ్జంలోంచి లాగి, మళ్లీ కాల్చి, మరో బెజ్జంలోంచి లాగేది. కమ్మచ్చులో చివరి నాలుగు బెజ్జాలు ఉక్కువి కావు. జరీ పని కోసం తాత కెంపుల్లో తొలిపించి పలకకు అమర్చినవి. అక్కడికి వచ్చేసరికి తీగ కంటికి కనిపించడం మానేసింది. అది ఉన్నదనడానికి, దాని కొస పట్టుకొని ఉన్న శ్రావణమనే చిన్న పట్టకారే సాక్ష్యం.

రెండవ శ్రావణాన్ని సోమయాజులు గారు పట్టుకున్నారు. అడిగి మరీ పుచ్చుకున్న ఉద్యోగం అది.

"ఈ ప్రక్రియలో గమనించదగ్గ విషయమేమంటే—" అన్నారు ఆయన. తీగ తెగింది.

అఖిలాండం మొదటి బెజ్జం దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మళ్లీ కెంపు బెజ్జాల దగ్గరకు వచ్చారు.

"నేను సరిగానే పట్టుకున్నాను గదా?" అన్నారు ఆయన. తీగ తెగింది.

"పంతులుగారండీ, మీ సెయ్యి మంచిదేనండి. మీ నోటి గాలికి తెగుతందండి."

సత్తెయ్య దుకాణం పీట మీదినుంచి పడబోయాడు. వకుళ పమిట కొంగు నోట్లో కుక్కుకున్నది. సోమయాజులు గారు ఇద్దరినీ తీవ్రంగా చూసి, ఏదో అనబోయి, శ్రావణం వైపు చూసుకొని, నోరు మూసుకున్నారు. ఆయన అంతసేపు మౌనంగా ఉండడం విశాలాక్షి గారు చూడలేకపోయారే అని వకుళ తరువాత చాలా రోజులు బాధపడింది.

నాలుగు గంటలకు తీగ చివరి కెంపులోంచి బయటికి వచ్చింది. అఖిలాండం దాన్ని చెంప మీద పరుచుకొని కళ్లు మూసుకున్నది. కొంతసేపటికి కళ్లు తెరిచి, "ఏటీ తెలవట్లేదండి," అన్నది. మిశ్రమపు తీగ మొండిది. దానికి మరో రెండు గంటలు పట్టింది. రెండు కొసలనూ కలిపి, ఊదుగొట్టంతో మంటను సూదిమొనలా చేసి, ఒకే ఒక్క ఊపిరి విడిచింది. అతుకు పడింది. సోమయాజులు గారు ఈసారి కొలిచారు. మూడుసార్లు కొలిచారు. ఇరవై అయిదు, ఇరవై అయిదు, ఇరవై అయిదు.

*

ఆదివారం ఉదయం గాజుపళ్లెం దగ్గర కొత్త చిక్కు వచ్చింది. అంత సన్నని తీగను గుడ్డుకు ఆనించడం వకుళ వల్ల కాలేదు, చేతులు వణికాయి. సోమయాజులు గారు తన చేతులను తానే చూసుకొని వెనక్కి తగ్గారు.

"నన్నెట్టమంటారా?" అన్నది అఖిలాండం.

ఆయన తన మొదటి కుర్చీని ఆమెకు జరిపారు.

ఆమె ఊపిరి బిగబట్టి తీగ కొసను గుడ్డు మీదికి దించింది. పొద్దుటి మంచు గడ్డిపరకను తాకినంత మెత్తగా అది తాకింది.

"దీపం," అన్నారు సోమయాజులు గారు. ఆజ్ఞలా కాదు, బతిమాలినట్లుగా.

నారింజ వెలుతురు లేచింది, వెంటనే అణిగిపోయింది. ఇదివరకు పట్టిన సమయంలో మూడోవంతు కూడా పట్టలేదు. తెరమీద ఇరవై ఒకటి. అందరూ గుడ్డు తెల్లబడడం కోసం చూశారు. రెండేళ్ల అలవాటు అది. పది క్షణాలు గడిచాయి. గుడ్డు తెల్లబడలేదు. అంకె నెమ్మదిగా పైకి జరిగి, ఇరవై ఆరు దగ్గర, ఆనాటి గోదావరి నీటి వెచ్చదనం దగ్గర, ఆగింది.

పూర్తిగా ఆగలేదు. దశాంశం తరువాతి మూడవ అంకె కదులుతున్నది. ఒకటి ఎక్కుతున్నది, ఒకటి దిగుతున్నది.

"అంకె వణుకుతున్నది," సోమయాజులు గారు తెరకు దగ్గరగా వంగారు. "పంకా ఆపండి."

పంకా ఆపారు. అంకె వణుకు ఆగలేదు.

"నా సెయ్యి గానీ వణుకుతందాండి?" అఖిలాండం భయపడింది. అప్పటికే ఆమె చేతులు రెండూ ఒడిలో ఉన్నాయి.

"తలుపు మూయి సత్తెయ్యా. ఎక్కడినుంచో గాలి వస్తున్నది."

"మూసే ఉందండి."

ఎక్కుతున్నది, దిగుతున్నది. ఎక్కుతున్నది, దిగుతున్నది. లయ తప్పడం లేదు. జీవితమంతా అంకెలు నిలకడగా ఉండాలని కోరుకున్న మనిషికి, కదులుతున్న ఈ అంకెను ఏమనుకోవాలో అర్థం కాలేదు. లావు తీగ అయితే ఇంత చిన్న కదలికను తనలోనే మింగేసి ఉండేది.

వకుళ సూక్ష్మదర్శిని మీదికి వంగింది. ఆ తరువాత చెయ్యి పైకెత్తి, వేలితో గాలిలో తాళం వేయసాగింది. సోమయాజులు గారు ఆమె వేలిని చూశారు, తెరమీది అంకెను చూశారు. వేలు దిగినప్పుడల్లా అంకె ఎక్కుతున్నది.

"సార్," అన్నది వకుళ తల ఎత్తకుండానే. "గాలి కాదు సార్. గుండె."

కళ్లజోడు తుడుచుకోవడానికి తీసిన సోమయాజులు గారు దాన్ని తుడవడం మరిచిపోయారు. సత్తెయ్య పీట దిగి వచ్చి, పళ్లెం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "వచ్చేవా తల్లీ," అన్నాడు. "ఎంత పని చేశావే, ఇరవై ఏడేళ్లు!"

"అదేంటండీ, చేపకి దణ్ణం పెడతన్నారు?" అన్నది అఖిలాండం, కళ్లు తుడుచుకుంటూనే.

"నువ్వు తిన్లేదు కాబట్టి అలా అంటన్నావమ్మా. తిన్నోళ్లెవరైనా దణ్ణమే ఎడతారు."

ఆ మాటకు అందరికంటె గట్టిగా నవ్వినవారు సోమయాజులు గారు. ఆయన నవ్వు ఎలా ఉంటుందో ప్రయోగశాలలో ఎవరికీ అప్పటిదాకా తెలియదు.

మధ్యాహ్నానికి మిగిలిన అయిదింటిని కూడా లేపారు. ఒకటి లేవలేదు; నాలుగు లేచాయి. సోమవారం ఉదయానికి ఎర్రనీటి తొట్టిలో, వెంట్రుక ముక్కల్లాంటి అయిదు పులస పిల్లలు ప్రవాహానికి ఎదురు తిరిగి ఈదుతున్నాయి. పాలకవర్గ సభ్యులు తొట్టి చుట్టూ వంగి నిలబడి ఉండగా, సోమయాజులు గారు తన పాత నివేదికను నాలుగుగా చింపి, రిజిస్టరులో స్వదస్తూరీతో రాసినది పైకి చదివారు. అఖిలాండం వెనక వరుసలో, పట్టుచీర కట్టుకొని, తలవంచుకొని నిలబడి విన్నది.

"ఈ ప్రయోగశాల ఇందుమూలముగా నమోదు చేయునది ఏమనగా: ధవళేశ్వరం బజారు వీధిలో స్వర్ణకార వృత్తి చేయుచున్న శ్రీమతి కొమ్మోజు అఖిలాండం గారు, రెండు సంవత్సరములు మేమెవరమూ కొలవని తీగను రెండు వేళ్ల మధ్య దొర్లించి, అది లావైనదని గ్రహించి, ఆ సంగతిని తప్పు చేసినవాని ముఖముననే పలికినారు. అటుపిమ్మట తమ తాతగారి కమ్మచ్చులో ఇరవై అయిదు మైక్రాన్ల తీగను లాగి, మా చేతులు వణికిన చోట తమ చేతితో దానిని గుడ్డునకు ఆనించినారు. ఈ తొట్టిలో ఈదుచున్న అయిదు ప్రాణముల ఉష్ణోగ్రతను ఉన్నది ఉన్నట్లు మొట్టమొదట కొలిచినది వారు. ఇందుకు ఈ ప్రయోగశాల వారికి రుణపడి ఉన్నది. సంతకము: ఓలేటి సోమయాజులు, కొలతల విభాగము."